చక్రాల మీద వంటిల్లు

ప్రయాణమంటే ఇల్లు వదిలి వెళ్లడం. అమెరికాలో చాలా కుటుంబాలు మాత్రం సెలవులొస్తే ఇంటిని వెంటబెట్టుకునే బయలుదేరతాయి. పొయ్యి, ఫ్రిజ్‌, సింకు, పడకలు, స్నానాలగది... అన్నీ ఒకే బండిలో! దాని పేరు ఆర్‌వీ. అందులో పప్పు ఉడకాలన్నా, అంట్లు తోమాలన్నా కొత్త లెక్కలు నేర్చుకోవాల్సిందే. ఆ లెక్కలన్నీ తిరిగితిరిగి ఒక ప్రశ్న దగ్గర ఆగుతాయి... సెలవు ఇంటిల్లిపాదికీనా, వంటచేసే మనిషి తప్ప మిగతా అందరికీనా?

జూన్‌ వచ్చేసరికి అమెరికాలో బడులు మూసేస్తారు. సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌ నుంచో విజయవాడ నుంచో అమ్మానాన్నలు, అత్తమామలు అక్కడున్న పిల్లల దగ్గరకు చేరతారు. మనవడికి ఎలుగుబంటిని చూడాలని ఉంటుంది. తాతయ్యకు ఎల్లోస్టోన్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ధారలను చూడాలని ఉంటుంది. ఇంకేం, అందరూ కలిసి వెళ్దామనుకుంటారు. చిక్కంతా భోజనం దగ్గరే.

హైవే పక్కన దొరికేవి ఎక్కువగా బర్గర్లు, శాండ్‌విచ్‌లు, పిజ్జాలు. మొదటిరోజు అందరూ సరదాగా తింటారు. రెండోరోజు సర్దుకుంటారు. మూడోరోజు నానమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చేస్తుంది... ‘‘కాస్త పెరుగన్నం దొరికితే బావుణ్ను!’’ మాంసం ముట్టని మనిషికీ, వేళకింత తిని మాత్ర వేసుకోవాల్సిన మనిషికీ అది గారాబంగా అనే మాట కాదు. ప్రయాణం సాగాలా, వెనక్కి తిరగాలా అన్నది తేల్చే మాట.

కారులో వెళ్లేవాళ్లు దానికి తమకు తోచిన ఉపాయాలు చేస్తుంటారు. మొదటిరోజుకి పులిహోర, రెండోరోజుకి చపాతీలు, ఆ తర్వాత ఊరగాయ సీసా. మోటెల్‌ గదిలో ఎక్కడ అలారం మోగుతుందోనని భయపడుతూ పెట్టుకునే రైస్‌కుక్కరు. ఆర్‌వీలో వెళ్తే ఆ అవస్థ లేదు. దారిలో నీడ చూసుకుని ఆగి, వేడిగా చారు పెట్టుకుని, అక్కడే కూర్చుని తినొచ్చు. అందుకే మనవాళ్లలోనూ పెద్దవాళ్లు వచ్చిన ఏడాది ‘ఈసారి ఆర్‌వీ తీసుకుందాం’ అనేవాళ్లున్నారు.

ఏమిటీ బండి?

ఆర్‌వీ అంటే రిక్రియేషనల్‌ వెహికల్‌. సినిమా షూటింగుల్లో తారలు సేదతీరే కేరవాన్‌ మనకు తెలిసిందే. దానికి దగ్గర చుట్టమే ఇది. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. సొంత ఇంజినుతో నడిచేది మోటర్‌హోమ్‌. కారుకో ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లేది ట్రెయిలర్‌. మోటర్‌హోముల్లో బస్సంత ఉండేది క్లాస్‌-ఎ. వ్యానులోనే అన్నీ అమర్చింది క్లాస్‌-బి. రెంటికీ మధ్యస్థంగా ఉండి, డ్రైవరు నెత్తిమీద కూడా ఓ పడక ఉండేది క్లాస్‌-సి. పిల్లలున్న కుటుంబాలు అద్దెకు తీసుకునేది చాలావరకు దీన్నే. పాతిక, ముప్ఫై అడుగుల పొడవుంటుంది. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. గాలన్‌ పెట్రోలుకు ఎనిమిది నుంచి పది మైళ్లు వస్తే గొప్ప. అంటే లీటరుకు నాలుగు కిలోమీటర్లు, కాస్త అటూఇటూగా!

ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌ పట్టణాన్ని ‘ప్రపంచ ఆర్‌వీ రాజధాని’ అంటారు. ఈ బండ్ల చరిత్ర చెప్పే మ్యూజియం కూడా అక్కడే ఉంది. కరోనా వచ్చి విమానాలు, హోటళ్లు అంటే జనం జంకిన రోజుల్లో వీటికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 2021లో ఒక్క ఏడాదిలోనే 6 లక్షలకు పైగా ఆర్‌వీలు కర్మాగారాల నుంచి బయటకు వచ్చాయి. అది అప్పటికి రికార్డు.

వంటిల్లు లేనిదే రానంది

బండిలోనే ఇల్లు అన్న ఆలోచనకు వందేళ్లు దాటింది. 1910లో న్యూయార్క్‌లోని మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌ ప్రదర్శనలో పియర్స్‌-యారో సంస్థ ‘టూరింగ్‌ లాండో’ అనే కారును పెట్టింది. దాని వెనక సీటు మడిస్తే పడక. డ్రైవరు సీటు వెనక మడత విప్పితే చేతులు కడుక్కునే తొట్టి. సంపన్నుల ముచ్చట అది.

అసలైన సంపన్నుల ముచ్చట ఇంకోటి ఉంది. కార్ల వ్యాపారి హెన్రీ ఫోర్డ్‌, శాస్త్రవేత్త థామస్‌ ఎడిసన్‌, టైర్ల వ్యాపారి హార్వీ ఫైర్‌స్టోన్‌, ప్రకృతి రచయిత జాన్‌ బరోస్‌... ఈ నలుగురు మిత్రులూ 1910ల్లో వేసవి వస్తే డేరాలు వేసుకుని తిరిగేవారు. ‘దేశదిమ్మరులం’ అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. ఆ దిమ్మరుల వెంట వంటసామగ్రితో ప్రత్యేకంగా ఓ బండి, వంటవాళ్లు, ఇరవై మంది దాకా కూర్చునే గుండ్రటి భోజనాల బల్ల! 1921లో సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు వారెన్‌ హార్డింగ్‌ వచ్చి వీళ్ల డేరాల్లో గడిపారు. మిత్రులు సరదాకి కట్టెలు కొట్టేవారు. వంట మాత్రం వంటవాళ్లదే.

సామాన్యుల దారి వేరు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో కారు యాత్రికులు కొందరు కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. పేరు ‘టిన్‌ కేన్‌ టూరిస్ట్స్‌’... అంటే రేకుడబ్బా యాత్రికులు! డబ్బాల్లో నిలవచేసిన ఆహారంతోనే రోజులు వెళ్లదీసేవారు. కారు రేడియేటరు మూత మీద ఓ రేకుడబ్బా తగిలించుకోవడం వాళ్ల గుర్తు.

ఆ డబ్బా తిండి నుంచి వేడి భోజనానికి దారి చూపినవాళ్లలో ఒక ఇల్లాలూ ఉంది. వాలీ బయమ్‌ అనే అమెరికన్‌ 1920ల చివర్లో పాత ఫోర్డు బండి చట్రం మీద ఓ వేదిక కట్టి, దాని మీద డేరా వేసేవాడు. వానొస్తే అంతే సంగతులు. ఆయన భార్య మేరియన్‌ వంటిల్లు లేకుండా తాను రానని తేల్చేసిందట. దాంతో ఆయన వేదిక మీద కన్నీటి చుక్క ఆకారంలో గట్టి గూడు కట్టి, అందులో కిరోసిన్‌ స్టవ్వు, ఐసుపెట్టె అమర్చాడు. చూసినవాళ్లు మాకూ అలాంటిది కావాలన్నారు. అలా మొదలైందే ఎయిర్‌స్ట్రీమ్‌ కంపెనీ. వెండిలా మెరిసే దాని ట్రెయిలర్లు ఇప్పటికీ అమెరికా రోడ్ల మీద కనిపిస్తాయి.

తర్వాత పరుగు వేగం అందుకుంది. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌ దగ్గర నది ఒడ్డున కేఓఏ అనే శిబిర స్థలాల సంస్థ పుట్టింది. 1966లో అయోవాకు చెందిన విన్నెబాగో సంస్థ మోటర్‌హోములు తయారుచేయడం మొదలుపెట్టి వాటిని మధ్యతరగతికి దగ్గర చేసింది.

మనిషికో బకెట్‌ నీళ్లు

మొదటిసారి ఆర్‌వీ ఎక్కినవాళ్లకు వంటిల్లు బొమ్మరిల్లులా కనిపిస్తుంది. రెండు మూడు మంటల గ్యాస్‌ పొయ్యి, బుల్లి సింకు, మైక్రోవేవ్‌, ఫ్రిజ్‌. అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నిటికీ కొలతుంది.

ముందుగా నీళ్లు. క్లాస్‌-సి బండిలో మంచినీళ్ల ట్యాంకు దాదాపు 150 లీటర్లు పడుతుంది. నీటి కనెక్షన్‌ లేని చోట ఆరుగురి కుటుంబం ఆగిందనుకుందాం. మనిషికి పాతిక లీటర్లు. అంటే వంటకీ, స్నానానికీ, అంట్లకీ కలిపి ఒక పెద్ద బకెట్‌! వేడినీళ్ల ట్యాంకైతే చాలా బండ్లలో 23 లీటర్లే. ఒకరు కాస్త తాపీగా స్నానం చేస్తే రెండోవాళ్లకు చన్నీళ్లే దిక్కు. వాడిన నీళ్లు ఎటో పోవు. సింకు నీళ్లూ స్నానం నీళ్లూ ఒక ట్యాంకులోకీ, మరుగుదొడ్డివి మరో ట్యాంకులోకీ చేరతాయి. అవి నిండితే నిర్ణీత స్థలానికి వెళ్లి గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. మరుగుదొడ్డి ట్యాంకును ముందు, సింకు ట్యాంకును తర్వాత వదలాలన్నది నియమం. అలా చేస్తే రెండో నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి.

ఇక్కడే పెద్దవాళ్ల అనుభవం అక్కరకొస్తుంది. కుళాయి కింద గిన్నె పెట్టి ధారగా నీళ్లు వదలడం అలవాటైన వాళ్లకి ఈ లెక్క కష్టం. వీధి బోరింగు దగ్గర బిందెలతో నీళ్లు మోసిన తరానికి కొత్తేం కాదు. ముందు కాగితంతో గిన్నెలోని జిడ్డు తుడిచేయడం, ఒక తొట్టెలో సబ్బునీళ్లతో తోమి రెండో తొట్టెలో జాడించడం, చెంబుతో ముఖం కడుక్కోవడం... నానమ్మ చేసి చూపిస్తుంటే మనవలు వింతగా చూస్తారు. రెండోరోజుకి వాళ్లే ట్యాంకు మీటరు దగ్గర కాపలా కాస్తారు.

తర్వాత కరెంటు. శిబిర స్థలంలో సాధారణంగా దొరికే 30 ఆంప్స్‌ కనెక్షన్‌ 120 వోల్టుల మీద ఇచ్చేది 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, మైక్రోవేవ్‌కి 1,500, ఎలక్ట్రిక్‌ కెటిల్‌కి 1,500. మూడూ ఒకేసారి వేస్తే టప్‌మని పోతుంది! ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ అక్కడ సరిగా తిరగదు. అందుకే పచ్చళ్లు, పిండ్లు, పొడులు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుంటారు. కరెంటు లేని చోట జనరేటరు ఉన్నా, దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు వేయనివ్వరు. రాత్రి పదింటి తర్వాత చాలా శిబిరాల్లో చప్పుడే ఉండకూడదు.

ఫ్రిజ్‌ సంగతి ఇంకా చిత్రం. చాలా ఆర్‌వీల్లో ఉండేది మన ఇళ్లలోలా కంప్రెసర్‌ ఫ్రిజ్‌ కాదు. గ్యాస్‌ మంటతోనే చల్లబడుతుంది! ఆ వేడి అమ్మోనియాను ఆవిరిచేసి తిప్పుతుంటే లోపలి వేడి బయటకు పోతుంది. స్వీడన్‌ విద్యార్థులు ఇద్దరు 1922లో కనిపెట్టిన పద్ధతి ఇది. కాకపోతే బండి సమంగా నిలబడకపోతే సరిగా పనిచేయదు. చల్లబడటానికీ గంటలు పడుతుంది. అందుకే ముందురోజు రాత్రే వేసి ఉంచాలి. కొత్త బండ్లలో బ్యాటరీతో నడిచే కంప్రెసర్‌ ఫ్రిజ్‌లు వస్తున్నాయి.

కదిలే బండిలో పొయ్యి వెలిగించకూడదు, లేచి తిరగకూడదు. అందరూ బెల్టులు పెట్టుకోవాలి. బయలుదేరే ముందు ప్రతి అరకీ గడియ పడిందో లేదో చూడాలి. మరిచిపోతే మొదటి మలుపులోనే గిన్నెలన్నీ నేలమీద! తాలింపు ఘాటుకి పొగ అలారం మోగడం మరో తంతు. కిటికీలు తెరిచి, పైనున్న ఫ్యాను వేశాకే మిరపకాయలు వేయాలి. బండిలో గ్యాస్‌ను పసిగట్టే పరికరం నేలకు దగ్గరగా ఉంటుంది. ప్రొపేన్‌ గాలికన్నా బరువు కాబట్టి కిందికే దిగుతుంది. దానికి అడ్డంగా బియ్యం సంచి పెట్టకూడదు.

కొండమీద పప్పు ఉడకదు

ఎల్లోస్టోన్‌ సరస్సు సముద్రమట్టానికి 2,357 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఆ సరస్సు ఒడ్డున దాదాపు 92 డిగ్రీలకే కుతకుతలాడతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు. మూతలేని గిన్నెలో కందిపప్పు పెడితే గంట గడిచినా పలుకు పలుకుగానే ఉంటుంది.

దానికి విరుగుడు మనవాళ్ల సామానులో ఎప్పుడూ ఉండేదే... ప్రెషర్‌ కుక్కరు. మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి లోపలి వేడి అంత ఎత్తులోనూ 100 డిగ్రీలు దాటుతుంది. పప్పు మెత్తబడుతుంది, గ్యాస్‌ కలిసొస్తుంది. పైగా ఒకే కుక్కరులో అన్నం, పప్పు, బంగాళాదుంపలు గిన్నెల మీద గిన్నెలు పెట్టి ఉడికిస్తే అంట్లూ తగ్గుతాయి. ఆ ప్రశాంతమైన అడవిలో కుక్కరు కూతకు పక్క బండివాళ్లు ఉలిక్కిపడి చూడటం, ఆ వంకతో పలకరింపులు మొదలవడం మామూలే.

సరంజామా తెలిసినవాళ్లు వేయించిన ఉప్మారవ్వ, పులిహోర పులుసు, చారుపొడి, కందిపొడి, గోంగూర పచ్చడి ముందే సిద్ధం చేసుకుంటారు. మొదటి రెండు రోజులకు దోసెల పిండి. అయితే బండి ఎండలో నిలిస్తే పిండి పొంగి డబ్బా దాటుతుంది. సగం డబ్బాకే పోయాలి. బండి కుదుపులు కూడా పనికొస్తాయని చెప్పిన పెద్దమనిషి ఒకరున్నారు. నోబెల్‌ బహుమతి పొందిన రచయిత జాన్‌ స్టీన్‌బెక్‌ 1960లో ‘రోసినాంటె’ అని పేరు పెట్టుకున్న ట్రక్కులో, చార్లీ అనే కుక్కతో అమెరికా చుట్టివచ్చారు. మూతున్న ప్లాస్టిక్‌ డబ్బాలో సబ్బునీళ్లు, మాసిన బట్టలు వేసి సాగే తాళ్లతో వేలాడదీసేవారు. సాయంత్రానికి కుదుపులకే బట్టలు శుభ్రం!

కరివేపాకూ ఆగాల్సిందే

కాలిఫోర్నియాలోకి రోడ్డు మార్గంలో వెళ్తుంటే సరిహద్దు దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రాలు ఎదురవుతాయి. పండ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. మనవాళ్ల దగ్గర తప్పకుండా ఉండే కరివేపాకు మీద అక్కడ ప్రత్యేక నిఘా ఉంటుంది. నారింజ, నిమ్మ తోటలను నాశనంచేసే గ్రీనింగ్‌ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మొక్క మీదా బతుకుతుంది. ఆ పురుగు 2008లో, తెగులు 2012లో కాలిఫోర్నియాలో బయటపడ్డాయి. అందుకే ఎండబెట్టి పొడిచేసిన కరివేపాకు వెంట ఉంటే గొడవ ఉండదు. కట్టెలదీ అదే కథ. 2002లో మిషిగన్‌లో కనిపించిన ఓ పచ్చ పురుగు కోట్ల యాష్‌ చెట్లను చంపింది. కట్టెలతోపాటే అది ఊళ్లు దాటుతుంది. కాబట్టి ఎక్కడ మంట వేస్తామో అక్కడే కట్టెలు కొనాలి.

అంతకన్నా పెద్ద అతిథి ఎలుగుబంటి. ఒకప్పుడు ఎల్లోస్టోన్‌లో యాత్రికులు కార్లలోంచే ఎలుగుబంట్లకు తినుబండారాలు విసిరేవారు. హోటళ్ల చెత్తకుప్పల దగ్గర అవి తింటుంటే బల్లల మీద కూర్చుని చూసేవారు కూడా. మనిషి తిండికి మరిగిన ఎలుగు మనిషి మీదికి వస్తుంది. అప్పుడు దాన్ని చంపక తప్పదు. అందుకే 1970 నాటికి ఆ చెత్తకుప్పలన్నీ మూసేశారు. ఇప్పుడు ఎలుగుకు కనీసం 91 మీటర్ల దూరంలో ఉండాలి. వంట పూర్తవగానే గిన్నెలు, నూనెసీసా, చెత్త, ఆఖరికి టూత్‌పేస్టు కూడా లోపల పెట్టి తలుపు వేయాలి. అక్కడి ఫిషింగ్‌ బ్రిడ్జ్‌ ఆర్‌వీ పార్కులో గట్టి గోడలున్న బండ్లకే ప్రవేశం. గుడ్డ డేరాలకు చోటులేదు. చేపల వేపుడు చేసుకోవద్దని ఎవరూ అనరు. ఆ పెనం రాత్రంతా బయట ఉండకూడదు, అంతే!

మంట చుట్టూ

చీకటి పడ్డాక ఆర్‌వీ జీవితం బండిలోంచి బయటికొస్తుంది. చలిమంట చుట్టూ కుర్చీలు పడతాయి. పుల్లకి గుచ్చిన మార్ష్‌మెల్లోను కాల్చి, చాక్లెట్‌తో కలిపి రెండు బిస్కెట్ల మధ్య నొక్కి తినే ‘స్మోర్స్‌’ అక్కడి పిల్లలకు ప్రాణం. ‘ఇంకొన్ని’ అనే అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు పుట్టింది. 1927లో గర్ల్‌ స్కౌట్స్‌ పుస్తకంలో ఆ వంటకం అచ్చయింది. మామూలు మార్ష్‌మెల్లోలో జంతువుల నుంచి తీసిన జిలటిన్‌ ఉంటుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. శాకాహారులకు అది లేకుండా చేసినవి వేరే దొరుకుతాయి. అమ్మమ్మ మాత్రం అదే నిప్పుల మీద మొక్కజొన్న పొత్తు కాల్చి, నిమ్మచెక్క ఉప్పుకారంలో అద్ది రుద్ది ఇస్తుంది. రెండింటికీ గిరాకీ ఉంటుంది.

నిప్పుల మీద వండటానికి వాళ్లు వాడే మందపాటి ఇనపగిన్నె ‘డచ్‌ ఓవెన్‌’. కింద నిప్పులు, మూత మీదా నిప్పులు. యూటా రాష్ట్రం 1997లో దీన్ని తన అధికారిక వంటపాత్రగా ప్రకటించుకుంది కూడా. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె కాల్చిన చేతులకు ఈ విద్య వేరే నేర్పాలా? మినప్పిండి పోసి, మూత మీద నిప్పులు పెడితే సరి. కింద కరకర, లోపల మెత్తన. అన్నట్టు ఇప్పుడు బార్బెక్యూకి వాడే బొగ్గు బిళ్లలకు ప్రచారం తెచ్చింది కూడా ఆ దేశదిమ్మరి ఫోర్డే. 1920ల్లో కార్లకు వాడగా మిగిలిన చెక్కముక్కలను బొగ్గు బిళ్లలుగా మార్చి, తన కార్ల దుకాణాల్లోనే అమ్మించాడు.

చాలా అడవుల్లో ఫోన్‌ సిగ్నల్‌ ఉండదు. మొదటిరాత్రి పిల్లలు గింజుకుంటారు. రెండోరాత్రికి పేక ముక్కలు బయటికొస్తాయి. భోజనాల బల్ల మడిస్తేనే పడకవుతుంది కాబట్టి అందరూ ఒకేవేళకి తిని, ఒకేవేళకి సర్దుకోవాలి. కోపమొచ్చి విసురుగా వెళ్లి తలుపేసుకుందామన్నా గదులుండవు. ముప్ఫై అడుగుల్లో అలక ఎంతసేపు నిలుస్తుంది?

మనకూ తెలిసిన బండే

ఇంటిని వెంటబెట్టుకుని వెళ్లడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. గూడుబండిలో గడ్డి పరిచి, గిన్నెలూ బియ్యమూ వేసుకుని తిరునాళ్లకు వెళ్లిన తరం ఇంకా మన మధ్యే ఉంది. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లి, చెట్లకింద గుడారాలు వేసి, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుతిన్న కుటుంబాలు ఎన్నో. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం సరేసరి.

అంతకుముందు 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. కడప, హైదరాబాద్‌, నాగపూర్‌ల మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీలు చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. డేరాలు, పల్లకీలు, సుమారు వందమంది పరివారం! ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి... అన్నీ రాసిపెట్టారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. ఈనాటి ఆర్‌వీ యాత్రికులు రాసుకునే వివరాలు కూడా దాదాపు ఇవే.

తేడా ఒక్కటే. వీరాస్వామయ్య వెంట పరివారముంది. ఫోర్డు, ఎడిసన్‌ల వెంట వంటవాళ్లున్నారు. ఆర్‌వీలో ఉండేది కుటుంబం ఒక్కటే.

సెలవు ఎవరికి?

ఇల్లు వెంట వచ్చిందంటే ఇంటిపనీ వెంట వచ్చినట్టే. ఆరుగురికి మూడుపూటలా టిఫిన్లు, భోజనాలు. ఇంటి దగ్గరైతే పెద్ద పొయ్యి, గిన్నెలు కడిగే యంత్రం. ఇక్కడ రెండు మంటలు, జానెడు గట్టు. కిటికీలోంచి కొండలు కనిపిస్తుంటే సింకు ముందు నిలబడి అవే గిన్నెలు తోమే మనిషికి ఊరు మారిందే తప్ప పని మారలేదు. ‘అమ్మ చేతి వంట అడవిలో కూడా దొరికింది’ అని మురిసిపోయేవాళ్లు, అమ్మ ఎన్ని జలపాతాలు చూసిందో కూడా లెక్కపెట్టుకోవాలి.

అయితే ఆ బండిలో ఒక సౌకర్యముంది. వంటింటికి గోడలుండవు. ఇంట్లో నాలుగు గోడల మధ్య జరిగిపోయే పని ఇక్కడ అందరి కళ్లముందూ జరుగుతుంది. గ్లాసు కడగడానికి ఎన్ని నీళ్లు పడతాయో, పప్పుకి ఎంత గ్యాస్‌ పడుతుందో మీటరు చెబుతుంది. పని కనపడినప్పుడు పంచుకోవడం తేలిక. చాలా కుటుంబాలు బండి ఎక్కకముందే కాగితం మీద వంతులు రాసుకుంటాయి. పొద్దున కాఫీ, టిఫిన్‌ నాన్నది. కూరగాయలు తరిగేది తాతయ్య. అంట్లు పెద్ద పిల్లలవి. అరల గడియలు, బయటి మెట్టు, కరెంటు తీగ చూసుకునేది చిన్నోడు. బయట గ్రిల్‌ మీద మొక్కజొన్న కాల్చినందుకే వంట చేశామనుకోకూడదు... కాల్చినవాళ్లే గ్రిల్‌ కడగాలన్నది నియమం. బండి నడపడం అమ్మకు వస్తే స్టీరింగు ఆమెకిచ్చి, ఆ పూట వంట ఇంకొకరు అందుకోవచ్చు. నాలుగు రోజుల్లో ఒకరోజు పొయ్యి వెలిగించకూడదని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆరోజు పెరుగన్నం, ఆవకాయ, దారిలో కొన్న చెర్రీపళ్లు. ఎవరూ పస్తుండలేదు.

వెళ్లేముందు ఎన్ని లీటర్ల నీళ్లు, ఎన్ని ఆంప్స్‌ కరెంటు అని ఎలాగూ లెక్క చూస్తారు. ఏ పూట ఎవరు వండాలో, ఎవరు తోమాలో కూడా ఆ లెక్కలోనే రాసుకుంటే, ఓల్డ్‌ ఫెయిత్‌ఫుల్‌ నీళ్లు ఆకాశానికి చిమ్మే ఆ రెండు మూడు నిమిషాల్లో ఇంటిల్లిపాదీ బయటే నిలబడి చూస్తారు.